కత్తిపీట ఫర్మా

పన్నెండేళ్ళుగా నేను ఒక దెబ్బను మోస్తున్నాను. తిన్న దెబ్బ కాదు. కొట్టిన దెబ్బ. కొలిమి దగ్గర దాగలి దిమ్మ మీద ఒక మనిషి చెయ్యి ఉంది. దాని మీద సుత్తితో కొట్టాను. ఒక్కసారే కొట్టానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. రెండుసార్లు.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకి చెబుదామని బయల్దేరి, వాళ్ళ అరుగు మీద కూర్చుని, వానల గురించీ రైళ్ళ గురించీ మాట్లాడి లేచి వచ్చేసిన రోజులు చాలా ఉన్నాయి. మా అన్నయ్య పోయి రెండు నెలలైంది. తెలిస్తే ఆయన తట్టుకోలేడు, అందుకే చెప్పడం లేదు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయన లేడు. అయినా నోరు రాలేదు. అంటే అది కారణం కాదన్నమాట. సాకు. అక్కడ మొదలుపెడతాను.

మాది ఖరగ్‌పూర్, న్యూ సెటిల్‌మెంట్. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఇద్దరికీ రైల్వేలో ఉద్యోగాలు రాలేదు. అన్నయ్య వంటింటి ఇనుప సామాన్ల కొట్టు పెట్టాడు. పెనాలు, అట్లకాడలు, మూకుళ్ళు, కత్తిపీటలు. నేను డిగ్రీ చదివి, కొట్లో అన్నయ్య వెనకాల నిలబడ్డాను. ఖాళీ దొరికితే పుస్తకం చదువుకునేవాణ్ణి.

గోల్ బజార్‌లో మాకంటే పదింతలు పెద్ద కొట్లున్నాయి. వాళ్ళకి సరుకు కలకత్తా నుంచి లారీల్లో దిగుతుంది. అందరి దగ్గరా అదే పెనం, అదే కత్తి. అన్నయ్యకి ఒక నియమం ఉండేది. గోల్ బజార్‌లో దొరికేది మన కొట్లో ఉండకూడదు, ఉంటే మన దగ్గరికి ఎవరూ నడిచి రారు. అందుకని ఆయన హోల్‌సేల్ వాళ్ళ దగ్గరికి కాక కమ్మరుల దగ్గరికి వెళ్ళేవాడు. అలా దొరికినవాడు అప్పలాచారి. తాల్‌బగీచాలో కొలిమి. ఆయన తాత కూడా మా తాతలాగే శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాడే. ఆచారి పాత లారీల కమాను పట్టీలు కాల్చి కత్తులు కొట్టేవాడు. ఆ ఉక్కు పదును పడితే పోదు.

వాళ్ళిద్దరూ పని చేసే తీరు నాకు బాగా గుర్తుంది. కొన్న ఆడవాళ్ళు ఏమంటున్నారో అన్నయ్య విని పెట్టుకునేవాడు. పీట ఊగుతోందట. కొబ్బరి కోరు పళ్ళు త్వరగా అరిగిపోతున్నాయట. బెంగాలీ ఇళ్ళలో, కూర తెగుతోంది గాని చేప తల తెగడం లేదు దాదా అన్నారట. వారానికోసారి కొలిమి దగ్గర కూర్చుని ఇవన్నీ చెప్పేవాడు. ఆచారి వింటూ తిత్తి ఊదేవాడు. పై వారానికి ఒక కత్తి మారి వచ్చేది.

ఆ కత్తిపీట ఆకారం మాత్రం నాది. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, ఎందుకంటే మొత్తం దీనివల్లే జరిగింది. మా వదిన ఆనపకాయ కోస్తున్నప్పుడూ, పక్కింటి బెంగాలీ బౌదీ రోహూ చేప కోస్తున్నప్పుడూ వాళ్ళ చేతులు ఎక్కడ ఆగుతున్నాయో నెలరోజులు చూశాను. కత్తి కడుపు కొంచెం లోతుగా, మెడ కొంచెం వెనక్కి వాలేలా, కొసన కొబ్బరి కోరుతో పాత వార్తాపత్రిక మీద గీశాను. అటు చేపకీ ఇటు కూరకీ ఒకటే పీట. అన్నయ్య ఆ కాగితం ఆచారికి ఇచ్చాడు. ఆచారి దాన్ని ఇనపరేకులో కత్తిరించాడు. అదే ఫర్మా. పట్టీ మీద దాన్ని పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత ప్రకారం కొట్టాలి.

కాగితాలూ సంతకాలూ లేవు. ఫర్మా కొట్లో మేకుకి వేలాడుతుంది. పని ఉన్నప్పుడు ఆచారి పట్టుకెళ్ళి, సరుకుతో పాటు తిరిగి తెస్తాడు. ఆ ఆకారం ఆచారి ఇంకెవరికీ కొట్టడు. అన్నయ్య ఇంకెవరి కత్తీ కొట్లో పెట్టడు. అంతే ఒప్పందం. పని లేకుండా ఫర్మా బయటికి వెళ్ళేది ఏడాదికి ఒక్కసారి, విశ్వకర్మ పూజకి. ముందురోజు ఆచారి తలంటు పోసుకుని, ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, రెండు చేతులా అందుకునేవాడు. కొలిమిలో పనిముట్లతో పాటు దానికీ బొట్టు పెట్టి, మర్నాడు మిఠాయితో తిరిగి తెచ్చేవాడు.

ఆ కత్తిపీట బాగా పోయింది. సుభాష్‌పల్లి నుంచి వచ్చి కొనేవాళ్ళు. ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పనిచేసే తెలుగువాళ్ళు సెలవులకి ఊరెళ్తూ అమ్మలకి పట్టుకెళ్ళేవాళ్ళు. ఎవరైనా మెచ్చుకుంటే అన్నయ్య, "నేనూ ఆచారీ కూర్చుని చేశాం" అనేవాడు. నేను వెనకాల నూనెగుడ్డతో కత్తులు తుడుస్తూ ఉండేవాణ్ణి. ఆయన నా పేరు దాచలేదు. ఆయనకి గుర్తు లేదు. దాచినా ఓర్చుకునేవాణ్ణేమో. గుర్తు లేకపోవడం ఓర్చుకోలేకపోయాను. ఇది చిన్న సంగతి కాదా? చిన్నదే. ఒక్కసారి నోరు తెరిచి, అన్నయ్యా అది నేను గీసింది కదా అంటే సరిపోయేది. అనలేదు. లోపల పెట్టుకుని పెంచాను.

ఒకరోజు రివెట్ల కోసం గోల్ బజార్ వెళ్ళాను. అక్కడొక పెద్ద కొట్టు యజమాని మా కత్తిపీట తెప్పించుకుని బల్ల మీద పెట్టుకున్నాడు. ఇది ఎవరి బుర్ర అని అడిగాడు. నాది అన్నాను. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట. అతను నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, నీ చేతిలో విద్య ఉంది అన్నాడు. ఫర్మా ఒకసారి చూస్తానన్నాడు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. నా చేతిలో పైసా పెట్టలేదు. నేను అడగలేదు. ఎందుకు చూస్తానంటున్నాడో నాకు తెలియదా? తెలుసు. ఇనుము అమ్మేవాడు ఫర్మాని చూసి ఆనందించడానికి అడగడు. తెలిసే తల ఊపాను.

అప్పుడు అన్నయ్య ఊళ్ళో లేడు. వాళ్ళ మామగారు పోతే పలాస వెళ్ళాడు. ఫర్మాని గోనెగుడ్డలో చుట్టి సైకిల్ క్యారియర్‌కి కట్టి ఇచ్చి వచ్చాను. అది విశ్వకర్మ పూజ వారం. ఆ సంగతి ఆచారి తువ్వాలు వేసుకుని కొట్టు ముందు నిలబడేదాకా నాకు తట్టలేదు.

అన్నయ్య ఈ యేడు ఇవ్వొద్దన్నాడు అని చెప్పాను. అప్పటికి తోచిన అబద్ధం. ఆచారి ఎందుకని అడగలేదు. చాచిన చేతులు వెనక్కి తీసుకుని, తువ్వాలుతో తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అన్నయ్య తిరిగి వచ్చేసరికి ఫర్మా గోల్ బజార్ నుంచి వెనక్కి వచ్చి మేకుకే ఉంది. పూజకి ఆచారి పట్టుకెళ్ళాడా అని అడిగాడు. పట్టుకెళ్ళి తెచ్చాడన్నాను. ఈసారి మిఠాయి తేలేదేం అన్నాడు. ఏమో అన్నాను. అలా ఇద్దరికీ చెరొక అబద్ధం చెప్పాను. ఆచారికి మనసు నొచ్చింది కాబట్టి ఆ మాట ఎత్తడు. అన్నయ్యకి ఎత్తాల్సిన పని లేదు. నేను కుదురుగా నిద్రపోయాను. నిద్ర పట్టలేదని రాస్తే నా మీద మీకు కాస్త జాలి కలుగుతుందేమో. కాని పట్టింది.

కాళీ పూజ అయిన వారానికి ఒకావిడ కొట్లోకి వచ్చింది. కుడి అరచేతికి లావుగా కట్టు. కట్టులోంచి నెత్తురు ఊరుతోంది. ఎడమచేత్తో ఒక కత్తిపీట తెచ్చి అన్నయ్య ముందు పడేసింది. కత్తి సగానికి విరిగి ఉంది. చేప తలని దాని మీద నొక్కితే పుటుక్కున విరిగి, ముక్క అరచేతిలో దిగిందట. మీ కొట్టు సరుకని నమ్మి కొన్నానంది. అన్నయ్య దాన్ని తిప్పి చూశాడు. మా ఆకారమే, గీత కూడా తేడా లేదు. కాని కమాను ఉక్కు కాదు, యంత్రంతో కోసిన పల్చటి రేకు. ఎక్కడ కొన్నావమ్మా అంటే గోల్ బజార్ కొట్టు పేరు చెప్పింది. అక్కడ దండలు దండలుగా వేలాడుతున్నాయట.

అన్నయ్య విరిగిన పీట పట్టుకుని సైకిల్ ఎక్కాడు. నేను షట్టర్ దించి వెనకాల వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? ఆపడానికని అనుకుంటూ తొక్కాను. ఆపడానికి వెళ్ళేవాడు దారిలోనే చెప్పి ఉండేవాడు. ఆచారి ఏం చెబుతాడో వినడానికి వెళ్ళాను.

నేను కొలిమి దగ్గరికి చేరేసరికి అన్నయ్య ఆచారిని కొడుతున్నాడు. ఆయన అలా కొట్టడం అంతకుముందు చూడలేదు. చెంపల మీద మొదలుపెట్టి, పీట చెక్కతో భుజాల మీద బాదాడు. నీళ్ళతొట్టిని కాలితో తన్నితే నీళ్ళు కొలిమిలోకి పోయి బూడిదా ఆవిరీ లేచాయి. ఆచారి పెదవి చిట్లింది. ఆయన ఎదురు తిరగలేదు. రోజూ సమ్మెట ఎత్తేవాడు, తలుచుకుంటే మా ఇద్దర్నీ పడగొట్టగలడు. వాళ్ళావిడ అన్నయ్య కాళ్ళు పట్టుకుంటే విదిలించాడు. ఆవిడ వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"ఇదేట్రా ఆచారీ? ఇదేటి? సెప్పు!"

"ఇది నా సేతి పనేటి బాబూ? ఒట్టి రేకు. నానిలాటి రేకు కొడతానా? నువ్వెరగవా నా సెయ్యి?"

"రేకు నీది కాదు. ఆకారం నీకాడి నుంచే ఎల్లింది. మిఠాయి తేనప్పుడే నాకు తెలవాలి. పూజ పేరు సెప్పి పట్టుకెల్లి అమ్ముకున్నావ్."

"పూజకా?" ఆచారి దాగలి పట్టుకుని లేవబోతూ ఆగిపోయాడు. "పూజకి మీరిస్తే గదా బాబూ! ఈ యేడు ఇవ్వొద్దన్నారంట గదా. నాను ఒట్టి సుత్తికి బొట్టెట్టుకున్నాను. నా ఆడది సాచ్చీకం."

అన్నయ్య చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. "ఎవుడు సెప్పినాడు ఇవ్వొద్దని?"

ఆచారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను సాయానికి వచ్చాననుకున్నాడు.

"సిన్నబాబూ, సెప్పు. మీ అన్నకి నువ్వు సెప్పు."

అన్నయ్య నా వైపు తిరగడం మొదలుపెట్టాడు. అది నాకు నెమ్మదిగా గుర్తుంది. ముందు భుజం, తర్వాత మెడ. మొహం పూర్తిగా తిరిగేలోపల నేను ఏదో ఒకటి చెయ్యాలి. ఆచారి కుడిచెయ్యి ఇంకా దాగలి మీదే ఆని ఉంది. సుత్తి పక్కనే ఉంది. తీసి కొట్టాను. "అబద్ధాలకోరు నాకొడకా, నా మీదికి తోస్తావా" అని అరిచాను. ఆయన కేక పెట్టలేదు, ఊపిరి లోపలికి లాక్కున్నాడంతే. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. అది అక్కడే ఉంది కాబట్టి మళ్ళీ కొట్టాను. మొదటి దెబ్బ భయంతో కొట్టానని మీరు నమ్మవచ్చు. నేనూ నమ్ముతాను. రెండోది ఎందుకు కొట్టానో పన్నెండేళ్ళుగా వెతుకుతున్నాను. ఫర్మా నేను గీస్తే, చెయ్యి ఆయనదని అందరూ అన్నందుకా? అదే అయ్యుంటుంది.

అన్నయ్య వెనక నుంచి నన్ను పట్టుకుని లాగాడు. వదల్రా, సచ్చిపోతాడు వదల్రా అని ఏడ్చాడు. కొట్టడానికి వచ్చినవాడు ఆయన, ఏడ్చినవాడూ ఆయనే.

ఆయనే ఆచారిని రిక్షాలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇనపదిమ్మ పడిందని చెప్పాడు. ఆచారి కూడా అదే చెప్పాడు. ఎందుకు అలా చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు. అన్నయ్య మీద గౌరవమా, మమ్మల్ని చూసి భయమా, లేక ఇక మాటల మీద నమ్మకం పోయిందా? ఎముకలు అతికాయి గాని మూడు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ముడుచుకోని వేళ్ళతో సుత్తి పట్టడం కుదరదు.

అన్నయ్య నన్నెందుకు అడగలేదని మీరు అనుకోవచ్చు. ఆయన అసలు ప్రశ్న మొదలుపెట్టాడు కదా. నేను చాలా ఆలోచించాను. ఒక మనిషి చెయ్యి చితికిపోయాక, అతను చెప్పింది నిజమేమోనని అడగడం చాలా కష్టం. అబద్ధమని నమ్మడమే ఇంట్లో అందరికీ బతుకు. ఆ సంగతి నాకు కొట్టే ముందు తెలియదు. కొట్టాక వెంటనే తెలిసింది. తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రాత్రి ఆయన ఫర్మాని పెరట్లో రాయి మీద పెట్టి ఉలితో ముక్కలు ముక్కలు చేశాడు. ప్రతి దెబ్బకీ ఆచారిని పేరు పెట్టి తిట్టాడు. తర్వాత నా పక్కన కూర్చుని, నా మీద ఈగ వాలితే నువ్వు ఓర్చుకోలేవురా అన్నాడు. అది నేను గీసిందని ఆ రాత్రే గుర్తొచ్చినట్టుంది, ఆ రోజు నుంచీ కొట్టుకి వచ్చిన ప్రతివాడితోనూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కత్తిపీట గీసింది మా తమ్ముడు, దాన్ని అమ్ముకున్నది ఆచారి. రెండూ ఒకే ఊపిరిలో. ఏ మాట కోసం నేను ఫర్మా పట్టుకెళ్ళి ఇచ్చానో ఆ మాట దొరికింది. పన్నెండేళ్ళు, ఆయన పోయేదాకా, నేను గల్లా పక్కన నిలబడి దాన్ని వింటూ ఉన్నాను. ఒక్కసారి కూడా వద్దనలేదు.

మా కొట్టు ఇంకా ఉంది. ఇప్పుడు మేమూ కలకత్తా సరుకే అమ్ముతాం. ఆచారి కొలిమిలో ఎవరో ఇటుకలు పేర్చుకున్నారు. చెయ్యి బాగున్నా ఆయనకి పని దొరికేది కాదు. ఒక కొట్టు తనకోసం చేయించుకున్న ఆకారాన్ని ఇంకో కొట్టుకి దాటించినవాడిని ఈ వ్యాపారంలో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. ఆయనకి ఊరు పెట్టిన పేరు, ఫర్మా అమ్ముకున్న కమ్మరి. వాళ్ళావిడ నాలుగిళ్ళలో వంట చేసి నడుపుకొచ్చింది.

ఇంకొకటి మిగిలింది. దీన్ని రాయకుండా ముగించాలని రెండుసార్లు అనుకున్నాను. అన్నయ్య చివరి వారంలో, ఊపిరి అందక దిండ్లకి ఆనుకుని ఉన్నప్పుడు, నన్ను అడిగాడు. "ఒరే, ఆ యేడు ఫర్మా ఆచారే పట్టుకెల్లినాడు గదా?" చాలా నెమ్మదిగా అడిగాడు. కాదు అనే మాట వినడానికే అడిగాడని ఇప్పుడు అనిపిస్తుంది. నిజం చెప్పడానికి నాకు తలుపు తెరిచి పట్టుకున్నట్టే అది. నేను, అవునన్నయ్యా అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అదీ సుత్తి దెబ్బే. కాకపోతే ఈసారి చప్పుడు లేదు.

పెద్దకర్మ భోజనాలకి ఆచారి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. బంతిలో చివర కూర్చుని ఎడమచేత్తో తింటున్నాడు. నేను సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తూ ఆయన దాకా వచ్చాను. పక్కన కూర్చున్న ఇనప కొట్టు ఆసామి ఆయన్ని మోచేత్తో పొడిచి, "ఏటి ఆచారీ, కొత్త ఫర్మాలేమైనా ఉన్నాయేటి? రేటు సెప్పు" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆచారి అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. నేను ఆయన విస్తట్లో సాంబారు పోసి పక్క విస్తరికి వెళ్ళాను. అప్పుడు చెప్పవచ్చు. ఊరంతా అక్కడే ఉంది. చెప్పలేదు.

నిన్న వదినకి చెప్పాను. ముందు ఆవిడకి చెప్పాలనిపించింది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఇక్కడ రాసిన వరసలోనే, ఏదీ వదలకుండా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. చివర ఒక్కటే అడిగింది.

"ఆయన అడిగినప్పుడు కూడానా?"

"అవును" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇవాళ నాకు అన్నం పెట్టలేదు. పెట్టాలని నేను కోరుకోవడం లేదు.

ఆచారి దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడమని మీరు అంటారు. వెళ్తాను. కాని అది ఒప్పుకోవడం కాదు. ఆయనకి నేను చెప్పగలిగిన కొత్త సంగతి ఏమీ లేదు. సుత్తి దెబ్బ పడిన రోజు నుంచీ ఆయనకి తెలుసు. తెలిసీ ఎడమచేత్తో అన్నం తింటూ బతికాడు. తెలియనిది మిగతా అందరికీ. అందుకే మీకు రాస్తున్నాను. రేపు ఈ కాగితాలు పట్టుకుని ఆ ఇనప కొట్టు ఆసామి దగ్గరికీ, నవ్విన ఆ నలుగురి దగ్గరికీ, ఆ తర్వాత ఒక్కొక్క కొట్టుకీ వెళ్తాను. కొందరు నమ్మరు. పోయినవాడిని ఇప్పుడు ఎందుకు లాగుతావంటారు. అన్నయ్యకి చెడ్డపేరు వస్తుందని అంటారు. అలా అన్నప్పుడు వెనక్కి తగ్గుతానేమో. నన్ను నేను ఎరుగుదును. అందుకే ముందుగా ఇక్కడ, మీరు చదివాక వెనక్కి తీసుకోలేని చోట పెడుతున్నాను.

ఫర్మా గోల్ బజార్‌కి ఇచ్చింది అప్పలాచారి కాదు. నేను. ఆయన చెయ్యి చితక్కొట్టింది కూడా నేనే, అది బయటపడకూడదని.

ఇంతే. ఇన్నేళ్ళూ ఇది నన్ను చంపుతుందనుకున్నాను. చూస్తే రెండు వరసలు కూడా లేదు. రాశాను, చదివాను, కొట్టెయ్యలేదు.